ఎంగిలి గోలి

పిచ్చోడంటరా సారూ? ఎవలన్నరు ఆ మాట? మీరన్నరా, లోపటి సిస్టరమ్మ అన్నదా? నా మొకం మీద అనమనుండ్రి ఒక్కపారి!

పిచ్చోడైతే పూనాల సెంట్రింగు పనికి పెట్టుకుంటరా? ఆరో అంతస్తుల సన్న కట్టె మీద నిలవడి పలకలు బిగిస్తడు మా పిల్లగాడు. మేస్త్రీ ఏలు లేపితె చాలు, ఏ పలక యాడికో వానికి ఎరుకైతది. గసొంటోన్ని మంచానికి కట్టేసి పిచ్చోడంటరా? నోరెట్లొచ్చింది?

ఏందీ? ఏమంటుండ్రు? జెర ఆ మూతిగుడ్డ కిందికి గుంజి మాట్లాడుండ్రి. ఒక్క ముక్క సమజైతలేదు. చెవులున్నదాన్ని నాకే గిట్లుంటే, పుట్టినకాడికెల్లి వినవడని పిల్లగానికి ఎట్లుండాలె?

గుంజరా. సరే. రూలు అంటరు, అంతేనా? గీ పంది జ్వరమేందో గానీ దవాఖాన దవాఖానంత మూతులు కట్టుకున్నది. మా ఇంట్ల గొర్లు తప్ప పందులే లేవు సారూ, మాకెట్ల అంటెనో ఆ కురుమూర్తి సామికే ఎరుక.

నవ్వుతుండ్రా? కండ్లు చిన్నగైనయి. నవ్వో కోపమో నాకెట్ల తెలుస్తది, సగం మొకమే కానొస్తుంటె.

ఆశీర్వాదం సారూ, గదే గదా మీ పేరు? ఊడ్చే అంజమ్మ చెప్పింది. ఆయన మంచోడు బిడ్డా, వార్డు తాళం ఆయన కాడనే ఉంటది, ఆయన్నే అడుగు అన్నది. నిన్న పొద్దుగాలకెల్లి అడుగుతనే ఉన్న. పెద్ద డాక్టరు సారు రౌండుకొచ్చినప్పుడు కాళ్ల మీద పడితే, చూద్దాం అని పోయిండు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, మీరు తాళంచెవి జేబుల ఏసుకొని కూసున్నరు.

కోపం చేసుకోకుండ్రి. నా నోరు గంతే. మా ఆయన గూడ అంటడు, మా తమ్మునికి ఇయ్యాల్సిన నోరు గూడ దేవుడు నీకే ఇచ్చిండు యమునా అని.

ఇనుండ్రి మరి. మీకు తెల్వకుండనే పిచ్చోడు అంటుండ్రు, తెలిస్తె అనరు. మాది బిజినేపల్లి కాడ ఊరు. లోపట కిటికీ పక్క మంచంల ఉన్నోడు కురుమయ్య, మా ఆయనకు తోడబుట్టిన తమ్ముడు. నాకు మరిది. నేను కాపురానికొచ్చిన్నాడు లాగు జారిపోతుంటే ఒక్క చేత్తోని పట్టుకొని ఉరికేటి పిల్లగాడు. ఆ ఏడే మా అత్త సచ్చిపోయింది. నా కడుపుల బిడ్డ చాన ఏండ్లకు పడ్డది గానీ, కొడుకు మాత్రం వచ్చిన యాడాదికే దొరికిండు.

వానికి మాట రాదు. రాకపోతె ఏమాయె? మొకం చూసి అంత పట్టుకుంటడు. పెదవి ఎట్ల కదిలితె బువ్వనో, ఎట్ల కదిలితె నీళ్లో, దవడ బిగిస్తె కోపమో, అన్ని ఎరుకే. సగం ముచ్చట మన పెదవుల మీద దొరకవడుతడు, సగం వాని చేతులతోని చెప్తడు.

ఇప్పుడేం చేసిండ్రు మీరు? పెదవులు మీవి మూసుకున్నరు. చేతులు వానివి కట్టేసిండ్రు. ఇగ మిగిలిందేంది సారూ?

అవు, రాసి చూపెట్టినం అంటరు. అంజమ్మ చెప్పింది, సిస్టరమ్మ అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి మొకం ముందర పట్టుకున్నదట. పాపం, ఆమె తిప్పలు ఆమె పడ్డది. వానికి సదువు యాడిది? మా ఊరి బడిల ఎనక బల్ల మీద కూసోవెట్టిండ్రు కొన్నొద్దులు. సారు బోర్డు దిక్కు తిరిగి చెప్తుంటే వానికి సారు వీపు కానొచ్చె. వీపు చూసి ఏం నేర్సుకోవాలె? గొర్ల ఎనక పంపుండ్రి అన్నడు సారు. పంపినం.

ఇంకొకాయన చెవుల కాడ ఒంగి ఒర్రుతుండు, కురుమయ్యా, కురుమయ్యా అని. మైకు పెట్టినా ఇనరాదు వానికి. పైనుంచి ఆ రబ్బరు చేతులతోని చెంపలు తట్టుతుండు. అట్ల తడితె ఎవడైనా కొట్టవచ్చిండ్రనుకోడా?

మొన్న మాపటికి మా ఇంటి ముందర జీపు ఆగింది. నేను పత్తిచేన్ల కలుపుకు వోయిన. పూనాకెల్లి జ్వరంతోని వచ్చినోళ్లు ఎవలెవలున్నరో పట్టుకపోతుండ్రని అప్పటికే ఊర్ల అంటుండ్రు. మొకాలు మూసుకొని ఇద్దరు దిగి, పండుకున్నోన్ని చెరొక రెక్క పట్టి లేపిండ్రట. దొంగలో, పోలీసోళ్లో, ఎవలనుకోవాలె వాడు? కొట్లాడిండు. కొట్లాడడా మరి!

నేను ఉరికొచ్చేసరికి జీపు రోడ్డెక్కింది. ఎనక అద్దంల కెల్లి నన్ను చూసి పిలుస్తుండు. ఎట్ల పిలుస్తడంటరా? ముక్కు మీద ఏలు పెడుతడు, గీ ముక్కుపుల్ల ఉంది గదా, గదే నా పేరు. వాని కాడ నాకు వదిన అని లేదు, యమున అని లేదు. ముక్కు మీద ఏలు, గంతే.

నిన్న పొద్దుగాల కిటికీల కెల్లి చూస్తిని. చేతులు మంచం పట్టెలకు కట్టేసి ఉన్నయి. ఏలు ముక్కు కాడికి రాదు. మెడ వంకర పెట్టి భుజానికి ముక్కు రుద్దుతుండు. ఒకటే రుద్దుడు. సిస్టరమ్మ వచ్చి, దురద పెడుతుందేమో అని తడిగుడ్డతోని ముక్కు తుడిచి పోయింది. దురద గాదు సారూ! నన్ను పిలుస్తుండు! తోలు లేసిపోయేదాక పిలిచిండు.

ఏడుస్తలేను. ఏడ్వ. చెప్పనియ్యుండ్రి.

ఎందుకు కట్టేసినమో చెప్తరు, నాకు ఎరుకే. సూది పీకిండు. ముక్కులకెల్లి పైపు ఏస్తె గుంజి పారేసిండు. సిస్టరమ్మను నూకితె ఆమె మోచేయి గోడకు తాకిందట. తప్పే. ఆమె కాళ్లు మొక్కుత. ఆమె గూడ ఒక తల్లి బిడ్డనే గదా. ఆమెకు వాడంటె భయం, వానికి ఆమె అంటె భయం, మీకు మీ రూలంటె భయం.

ఇగ మందు గోలి ముచ్చట. నోట్ల పెడితె ఉమ్ముతుండు, పండ్లు బిగవట్టుకుంటుండు అంటరు. ఎందుకో అడిగిండ్రా ఎవలన్న? బయట గింత పొడుగు వదిన కూసోని ఉన్నది, దాన్ని అడుగుదాం అనుకున్నరా?

ఇది చెప్తె మీకు నవ్వొస్తది. రానియ్యి. చెప్పకపోతె వాడు దక్కడు.

వానికి పదేండ్లో పదకొండో ఉంటయి. పీర్ల పండుగ. నిప్పుల గుండం చుట్టు అందరు అలావా ఆట ఆడుతుండ్రు. మా ఊరి పోరగాళ్లు నలుగురు, పెద్దిండ్ల పిల్లలే, పేర్లెందుకు గానీ, పీర్లకు పెట్టే తీపి మలీద ముద్దల నేపాలం గింజలు నూరి కలిపిండ్రు. మూగోనికి పెడుదాం, చెంబు పట్టుకొని ఎట్ల ఉరుకుతడో చూద్దాం అని. పిల్లికి చెలగాటం, ఎలుకకు పానగండం! నగుకుంట పెట్టిండ్రు, వీడు నగుకుంట తిన్నడు. మొకాలు చూసి నమ్మేటోడు గదా, నవ్వే మొకాలను నమ్మిండు.

తెల్లారేసరికి పిల్లగాడు ఒట్టి బొక్కలైండు. కక్కుడు, ఏరుగుడు. కండ్లు లోపటికి పోయినయి. నాగర్‌కర్నూల్ దాక నా ఒడిల పండవెట్టుకొని పోయిన. సీసాల మీద సీసాలు ఎక్కిస్తె బతికిండు. ఆ పోరగాళ్లను పంచాయితిల నిలవెడితె, ఉత్తగ నవ్వులాటకు చేసినం అన్నరు. గంతే, అయిపాయె.

వాళ్లకు అయిపాయె. వానికి గాలె. ఆ దినం కెల్లి ఎవలేం పెట్టినా నోట్ల పెట్టడు. ముందు నేను తినాలె. జొన్నరొట్టె అయితె అంచు కొరుకుత. చాయ్ అయితె ఒక గుటకేస్త. మింగి, నోరు తెరిచి చూపెట్టాలె, నాలుక ఎత్తి చూపెట్టాలె. జెరసేపు నా మొకం చూస్తడు. వదినకేం కాలేదు అని నమ్మినంక తింటడు. జ్వరమొస్తె డాక్టరిచ్చిన గోలి సగం కొరికి నేను మింగుత, సగం వానికిస్త. నాకు రాని జ్వరాలకు ఎన్ని గోలీలు మింగిన్నో సారూ, లెక్కలేదు!

ఊర్ల ఏమన్నరో ఎరుకేనా? మరిదికి వదిన ఎంగిలి పెడుతదట, ఏమిటి కథ అని. నల్ల కాడ గదే ముచ్చట, బస్సు కాడ గదే ముచ్చట. ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లంటరు. అననియ్యి. గింజలు పెట్టింది వాళ్ల పోరగాళ్లే గదా, సిగ్గుండాలె! మా ఆయన మాత్రం ఒక్కనాడు ఒక్క మాట అనలే. పూనాల పని కాడ ఆయనే కొరికిస్తడు.

మీరు మస్తు మందికి మందులిచ్చిండ్రు సారూ. ఎవలకన్న ముందుగాల మింగి చూపెట్టిండ్రా? లేదు గదా. మావోనికి చూపెట్టాలె. వాడు నేర్సుకున్న రూలు గది. మీ రూలు మీకున్నట్టు, వాని రూలు వానికుంది.

ఇయ్యాల పొద్దుగాల చూపెట్టినవు గదా, ఏమాయె అంటుండ్రా?

అవు, చూపెట్టిన. మీరే పుణ్యం కట్టుకొని కిటికీ కాడ నిలవెట్టిండ్రు, కాదన. అద్దంల నా మొకం కానొచ్చేసరికి ఎట్ల సల్లవడ్డడో మీరు గూడ చూసిండ్రు. సిస్టరమ్మ చేతుల రెండు రంగుల గోలి ఉండె. వాడు గోలి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. అంటె, నువ్వు ముందు మింగు అని.

నా చేతుల ఏముంది మింగనీకి? ఒక్క గోలి ఇయ్యుండ్రి అంటె ఇయ్యకపోతిరి. జ్వరమున్నోళ్లకే, బయటోళ్లకు ఇయ్యరాదు అంటిరి. ఇగ నేనేం చేయాలె? వాడు చూస్తనే ఉన్నడు. కొంగు ముడిల రెండు పల్లి గింజలున్నయి. ఒకటి తీసి, ఏళ్ల సందుల గోలి లెక్క పట్టుకొని చూపెట్టి, నోట్లేసుకొని మింగిన. నోరు తెరిచిన. నాలుక ఎత్తిన.

వాని కండ్లు మీకు తెల్వదు సారూ. ఆరో అంతస్తు కెల్లి కింద ఇసుకల పడ్డ ఇనుప మొల యాడుందో చూపెట్టే కండ్లు. పల్లి గింజను పట్టవా? పట్టిండు. ఒక్కపారి సిస్టరమ్మ చేతుల గోలి చూసిండు, ఒక్కపారి నన్ను చూసిండు. ఆ సూపు ఏం చెప్పాలె! ఆ నలుగురు పోరగాళ్ల దిక్కు గూడ గట్ల చూడలేదు వాడు. మెల్లగ గోడ దిక్కు తిరిగిండు.

ఇన్నేండ్లల్ల ఒక్కనాడు మోసం చేయలే. కాకరకాయ చేదైతె చేదని మొకం పెట్టి చూపెట్టేదాన్ని. మీ అద్దం కాడ, అందరి ముందర, పల్లి గింజతోని మోసం చేసిన. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

అప్పటికెల్లి అద్దం కొట్టినా చూస్తలేడు. చెయ్యి ఊపినా చూస్తలేడు. ముక్కు రుద్దుడు బంద్ చేసిండు. ఇగ నన్ను పిలుస్తలేడు సారూ.

పెద్ద సారు పగటీలి ఏమన్నడు? మీరు పక్కకే ఉంటిరి. ఊపిరి తక్కువైతుంది, మాపటిదాక మందు లోపటికి పోకపోతె ఐద్రాబాదుకు పంపుడే అన్నడు. ఎట్ల పంపుతరు? గట్లనే కట్టేసి, బండ్ల ఒక్కన్ని ఏసి. దారి పొడుగూత చుట్టు మూతిగుడ్డలే. యాడికి తీసుకపోతుండ్రో తెల్వదు, సంపనీకో బతికిచ్చనీకో తెల్వదు. షాద్‌నగర్ దాటకముందే భయానికి గుండె ఆగుతది వానికి.

అగో, ఇనవడుతుందా? గా దగ్గు వానిదే. ఇన్ని మంచాలల్ల నేను పోలుస్త. పొద్దుగాల గట్టిగుండె. ఇప్పుడు ఎట్లైందో ఇనుండ్రి. ఇనుండ్రి సారూ, మీకు చెవులున్నయి గదా.

మీరైనా ఒకటి మింగి చూపెట్టుండ్రి పోనీ. మాస్కు జెర తీసి, వాని ముందర నిలవడి. తియ్యరా? ఎవలు తీస్తరు తియ్యి. మీకు గూడ ఇంటికాడ పిల్లలుంటరు. నేను తప్పు పట్టను.

నన్ను పంపుండ్రంటె పంపరు. నాకు గోలి ఇయ్యుండ్రంటె ఇయ్యరు. మల్లొక్కపారి చెప్పుండ్రి, జెర గట్టిగ. జ్వరమున్నోళ్లే లోపటికి. జ్వరమున్నోళ్లకే గోలి. గదే గదా? ఇంకేం లేదు గదా నడ్మ?

జెరన్ని నీళ్లుంటె పొయ్యుండ్రి. దూరంకెల్లే పొయ్యుండ్రి, దోసిట్ల.

సారూ, కూసోండ్రి. లేవకుండ్రి. ఒకటి చెప్త.

రాత్రికెల్లి నాకు జ్వరం.

అబద్ధం గాదు. లోపటికి పోనీకి ఆడే నాటకం గాదు. ఒళ్లంత నలగ్గొట్టినట్టుంది, గొంతుల ముల్లు దిగినట్టుంది. పొద్దుగాల గేటు కాడ అందరి సంకల థర్మామీటరు పెట్టి చూసిండ్రు గదా? అంతకుముందే నేను నల్ల కాడ కొంగు తడుపుకొని సంకల ఒత్తి పట్టుకొని నిలవడ్డ. నీకేం లేదు, పక్కకు జరుగు అన్నది సిస్టరమ్మ.

ఎట్ల అంటింది అంటరా? ఎట్ల అంటదు! పూనాకెల్లి వచ్చిన దినం ఒళ్లు కాలుతున్నా చాయ్ తాగడాయె. నేను గుటకేసి ఇచ్చిన, సగం తాగి పెట్టిండు, మిగిలింది పారేయబుద్ధి గాక నేనే తాగిన.

ఎందుకు దాచిన? అడగరేంది? అడుగుండ్రి.

నాకు బిడ్డ ఉంది సారూ. వర్ష. మూడేండ్లది. పక్కింటి భాగ్యమ్మ కాడ ఇడిసొచ్చిన. పూనాకెల్లి ఫోన్ల మా ఆయన ఒకటే చెప్పిండు. బయటికెల్లే చూసుకో యమునా, నువ్వు లోపటికి పోతె పిల్ల ఆగమైతది అని. నేను గట్లనే అనుకున్న. మీ కాళ్లు మొక్కి జెరసేపు లోపటికి పోవాలె, గోలి మింగిపియ్యాలె, మాపటికి బయట పడాలె. జ్వరమని చెప్పి పోతె మల్ల బయటికి పంపుతరా? నిన్న ఆ మూల మంచం మీది పెంటయ్య తాతను తెల్లగుడ్డల చుట్టి ఎనక తలుపుకెల్లి తీసుకపోయింది నేను చూడలేదనుకుంటుండ్రా?

భయం సారూ. నిన్నటికెల్లి మీ మీద, సిస్టరమ్మ మీద, అందరి మీద ఒర్లిన. మా పిల్లగాని కోసం పానమిస్త అన్నట్టే ఒర్లిన. పానం దాక వచ్చేసరికి సంకల తడికొంగు పెట్టుకున్న. నాకు సావంటె భయం. గంతే.

అగో, ఎనకకు జరుగుతుండ్రు. ఇంతసేపు ఎదురుంగనే ఉంటిరి గదా. జరుగుండ్రి, మీ తప్పేం లేదు.

ఏమైతె గదైతది. నా బిడ్డకు నోరుంది. ఆకలైతె అడుగుతది, భయమైతె ఏడుస్తది, భాగ్యమ్మకు ఇనవడుతది. వీడు ఎవలను అడగాలె? ఎట్ల అడగాలె?

పెట్టుండ్రి థర్మామీటరు. ఇప్పుడు సంక పొడిగనే ఉంది, చూసుకోండ్రి. తాళం తియ్యుండ్రి. తాత మంచం ఖాళీనే ఉంది గదా, గదే ఇయ్యుండ్రి, వానికి నా మొకం కానొస్తది. చేతులు ఇప్పమనుండ్రి, వాడు కొడితె నన్నే కొట్టనియ్యి.

రెండు గోలీలు తెప్పియ్యుండ్రి. ఒక్క పట్టీలయే ఉండాలె, వాని కండ్ల ముందరనే చింపాలె. నన్ను మల్ల నమ్ముతడో నమ్మడో, గది నాకు గూడ తెల్వదు.

ముందు నాకియ్యుండ్రి.